తల్లి అడిగిన గీత: ఆచార్య వినోబా భావే జీవితము

కలకత్తానుండి మద్రాసునకు సాగిపోవు ఇనుపదారిలో ఖరగ్‌పూరు ఒక పెద్ద కూడలి. పందొమ్మిదవ శతాబ్ది ముగియుచున్న రోజులలో బెంగాల్-నాగపూర్ రైల్వే కంపెనీవా రచ్చట స్టేషనును, పిమ్మట పెద్ద కార్ఖానాను నెలకొల్పిరి. గంజాము, శ్రీకాకుళము, విశాఖ ప్రాంతములనుండి తెలుగువారు పొట్టచేతబట్టుకొని అచ్చటికి వెళ్లి స్థిరపడిరి. గోల్‌బజారులో తెలుగు మాట వినబడుట నేటికిని వింత కాదు. కార్ఖానాలో ఒకే షాపునందు, ఒకే బల్ల ప్రక్కను తెలుగువాడును, బెంగాలీయు, ఒరియావాడును, హిందూస్థానీయు, పంజాబీయు నిలిచి పని చేసిరి. గుడియు, మసీదును, గురుద్వారాయు, చర్చియు ఆ యూరివారికి అలవాటైన దృశ్యములే.

అట్టి పట్టణమున కష్టములో నున్న మనుష్యుని చేతిలో ఏ పుస్తకము నుంచవలెను? సంస్కృత శ్లోకమైనచో నూటికి తొంబదిమందికి అర్థము కాదు. ఒకరి పవిత్రగ్రంథము మరియొకరికి పరాయిది. శాస్త్రమును యథాతథముగా నుంచినచో అది అల్మారాలోనే యుండిపోవును. నలుగురికి పనికివచ్చునట్లు ముక్కలు చేసినచో అది శాస్త్రముగా మిగులునా యను సందేహము కలుగును. ఇంగ్లండులో శామ్యూల్ స్మైల్స్ 1859లో స్వయంకృషిని గూర్చిన గ్రంథమును ప్రకటించిన పిదప మనుష్యుడు తన్ను తాను బాగుచేసికొనుటకు తగిన పుస్తకములు లోకమంతటను వెల్లువగా వచ్చినవి. జేమ్స్ ఆలెన్ అను మరియొక ఆంగ్లేయుడు బైబిలు వాక్యముల నీడలో చిన్నచిన్న పొత్తములు వ్రాయగా, మన దేశములో స్వాతంత్ర్యవీరుడు చిదంబరం పిళ్లె వానిని తమిళము చేసెను. ఈ పుస్తకములలో మంచివి కలవు. కాని పెక్కింటిలో శాస్త్రవాక్యము వ్యాపారపు సరకుమీది ముద్రవలె వాడబడినది. విజయము, ధనము, పేరు వీనికి దారిచూపుటకు ఋషివాక్యమును ఊతకర్రగా పట్టుకొనుట సులభము. ఆ వాక్యము తన్నే మార్చివేయునట్లు చేసికొనుట కష్టము. ఈ కష్టమైన దారిని జన్మమంతయు నడచినవారు ఆచార్య వినోబా భావే.

1895వ సంవత్సరము సెప్టెంబరు 11వ తేదీన మహారాష్ట్రములో కొలాబా జిల్లా గాగోదె గ్రామమున ఆయన జన్మించిరి. తల్లిదండ్రు లుంచిన పేరు వినాయకుడు. తండ్రి నరహరి శంభురావు భావే ఆధునిక విద్య చదివినవారు. బరోడాలో ఉద్యోగము చేసిరి. తల్లి రుక్మిణీదేవి. ఆమెకు చదువు స్వల్పము. కాని మరాఠీ భక్తకవుల పాటలు ఆమె నోట నాటలాడుచుండెను. ఒకప్పు డామె దేవునికి లక్ష బియ్యపుగింజలు సమర్పింతునని వ్రతము పట్టి ఒక్కొక్క గింజయే లెక్కించుచుండెను. తండ్రి చూచి, ఒక తులము బియ్యములో నెన్ని గింజలున్నవో లెక్కించి ఆ లెక్కను హెచ్చవేసినచో పని త్వరగా ముగియునుగదా యనిరి. ఆమెకు ఏమి చెప్పవలెనో తోచక కుమారు నడిగెను. ఇది గణితము కాదనియు, గింజగింజకును భగవంతుని తలచుకొనుటయే యిందలి ఫలమనియు బాలు డుత్తరమిచ్చెను. శాస్త్రపు మాటకు ప్రయోజనమెచ్చట నున్నదో ఆ యింటనే ఆయనకు తెలిసినదని చెప్పవచ్చును.

ఆ తల్లియే మరియొక దినమున గీతాపురాణము వినవచ్చి, సంస్కృతము తనకు తెలియుట లేదనియు మరాఠీ గీత తెచ్చిపెట్టుమనియు కుమారు నడిగెను. ఆయన వచనానువాదమును తేగా పద్యములో నున్నది కావలెననెను. వామనపండితుని సమశ్లోకీ గీతను తెచ్చియిచ్చిరి. కొన్నాళ్లకు అదియు కఠినముగానే యున్నదని ఆమె తిరిగి యిచ్చివేసెను. అంతకంటె సులభమైనది లేదుగదా యని కుమారుడు చెప్పగా, అట్లయినచో నీవే యేల వ్రాయరాదని తల్లి యడిగెను. ఇరువదియేండ్లు నిండని యువకుని గూర్చి ఒక గృహిణి పలికిన మాట యిది. పండితు లెవ్వరు నాయనపై నంత నమ్మక ముంచి యుండరు. ఆ మాట కాయన సమాధాన మిచ్చుటకు పదునైదు సంవత్సరములు పట్టినది.

1916వ సంవత్సరము మార్చి 25వ తేదీన ఇంటర్మీడియేటు పరీక్షకై బొంబాయికి బయలుదేరిన వినాయకుడు నడుమ సూరత్ స్టేషనులో దిగి కాశీకి పోవు రైలెక్కెను. అంతకుముందే తన యోగ్యతాపత్రములను తల్లి యెదుటనే పొయ్యిలో వేసి కాల్చివేసెను. హిమాలయముల శాంతియు, బెంగాలు విప్లవకారుల తేజస్సును ఆయనను రెండువైపుల లాగుచుండెను. కాశీలో ఆ యేడే ఫిబ్రవరిలో హిందూ విశ్వవిద్యాలయ సభయందు గాంధీమహాత్ముడు చేసిన ప్రసంగమును గూర్చి పత్రికలో చదివి ఆయనకు లేఖ వ్రాసిరి. జూన్ 7వ తేదీన అహమ్మదాబాదు చెంత కోచరబ్ ఆశ్రమములో ఇరువురును కలిసికొనిరి. శాంతియు విప్లవమును ఒకే మనుష్యునియందు ఆయనకు లభించినవి. వినోబా అను పేరు ఆశ్రమమున వచ్చినదే. మరుసటి యేడు ఆరోగ్యము కొఱకును చదువు కొఱకును ఒక సంవత్సరము సెలవు తీసికొని వాయి గ్రామమున నారాయణశాస్త్రి మరాఠే గారి సన్నిధిని ఉపనిషత్తులు, బ్రహ్మసూత్ర శాంకరభాష్యము, యోగసూత్రములు అభ్యసించి, సరిగా సంవత్సరము నిండిన దినమున ఆశ్రమమునకు మరలి వచ్చిరి.

1918లో దేశమును పట్టి పల్లార్చిన విషజ్వరములో తల్లి కన్నుమూసెను. పురోహితుల చేతిమీదుగా గాక తానే తల్లికి అంత్యక్రియ చేయుదునని వినోబా కోరిరి. పెద్ద లంగీకరింపలేదు. అప్పుడాయన శ్మశానమునకు పోక, స్నానము చేసి వేదాధ్యయనమునకు కూర్చుండిరి. ఇది ఆ కాలమున పలువురికి కఠినముగా దోచినది. నేడు చదువువారిలోను కొందరికి దోచవచ్చును. తల్లి స్థానమున శ్రుతిని నిలుపుకొనిన కుమారుని దుఃఖ మెట్టిదో బయటివారు కొలువజాలరు.

1921లో జమ్నాలాల్ బజాజు కోరికపై గాంధీజీ ఆయనను వార్ధా ఆశ్రమ నిర్వహణకు పంపిరి. వడుకుట, నేయుట, వంట, పాయఖానాల శుభ్రత, పిల్లలకు చదువు: ఇదియే దినచర్య. ఈ పనుల నడుమనే, 1930 అక్టోబరులో ప్రారంభించి 1931 ఫిబ్రవరికి, గీతను మరాఠీ పద్యములుగా ముగించిరి. దానికి గీతాయి యని పేరు పెట్టిరి. మరాఠీలో ఆయి యన తల్లి. గీతయు తల్లియు ఒక్క మాటలో కలిసిపోయిరి. కాని వ్రాయుమన్న తల్లి చదువుట కప్పటికి లేదు.

అనువాదము చేయువారికి గీతాయి ఒక పాఠము. సంస్కృతశ్లోకపు నిడివికి సరిపడు సులభమైన ఛందస్సు నాయన గ్రహించిరి. ఇల్లాలి నోట తిరుగు మాట దొరకినచోట పండితుల మాట ముట్టలేదు. అట్లని శాస్త్రపు పారిభాషికపదములను నీళ్లుపోసి పలుచన చేయనులేదు. బ్రహ్మము, యోగము, యజ్ఞము వంటి పదములు ఆ పద్యములలో తమ గౌరవముతోనే కూర్చున్నవి. పామరుని కొఱకు వ్రాయుటయన పామరముగా వ్రాయుట కాదని ఆయన యెఱిగిరి. పిమ్మట ఆ పద్యములలోని పదములకు అర్థకోశము కూడ సిద్ధమైనది. మహారాష్ట్రములో ఇంటింట గీతాయి లక్షల ప్రతులుగా వ్యాపించెను.

అది పద్యము. దానికి తోడుగా వచ్చిన వచనము చెరసాలలో పుట్టినది. 1932లో ప్రభుత్వము వినోబాను ధూలియా జైలులో బంధించెను. ఆ దినములలో బెంగాలునందు ఖరగ్‌పూరు చెంతనున్న హిజ్లీ నిర్బంధ శిబిరము పేరు దేశమంతట మ్రోగుచుండెను. 1931 సెప్టెంబరు 16వ తేదీన అచ్చటి కావలివారు నిరాయుధులైన రాజబందీలపై కాల్పులు జరుపగా సంతోషకుమార మిత్ర, తారకేశ్వర సేన్‌గుప్త అను నిరువురు యువకులు మరణించిరి. ఆ వార్త విని రవీంద్రనాథ ఠాకూరు వంటి వృద్ధకవియు సభకు వచ్చి నిరసన తెలిపెను. జైలులోనున్న దేశభక్తుని మనస్సు ఆ కాలమున ఎట్లు క్రోధమునకును నిరాశకును నడుమ నూగుచుండెనో ఊహింపవచ్చును. ధూలియాలోని ఖైదీలు వినోబాను గీత చెప్పుమని యడిగినది అట్టి సమయముననే.

ఫిబ్రవరి 21 మొదలు జూన్ 19 వరకు, ఆదివారమున కొక అధ్యాయము చొప్పున, పదునెనిమిది ఆదివారములు పదునెనిమిది అధ్యాయములు ఆయన మరాఠీలో చెప్పిరి. విన్నవారిలో చదువుకొన్న నాయకులు కలరు, రైతులు కలరు, చదువేరాని వారును కలరు. సానే గురూజీ యను దేశభక్త రచయిత తానును ఖైదీయై యుండి మాటపోకుండ వ్రాసికొనెను. ఆయన కలమే లేనిచో గీతాప్రవచనములు గాలిలో కలిసిపోయి యుండెడివి. ఒకరు చెప్పినదానిని తన పేరు కొఱకు చూడక వ్రాసిపెట్టు మనుష్యుని పుణ్యమును లోకము తరచుగా మరచిపోవును.

ఆ ప్రవచనములలో నాలుగవ అధ్యాయము చెప్పునప్పుడు వినోబా ఒక సాహసము చేసిరి. కర్మ, వికర్మ, అకర్మ యను మూడు మాటలలో వికర్మ యన శాస్త్రనిషిద్ధమైన కర్మయని శంకరభగవత్పాదులు మొదలుగా ప్రాచీను లర్థము చెప్పిరి. వినోబా దానిని విశేషకర్మగా గ్రహించిరి. చేతితో చేయుపనికి తోడుగా మనస్సు లోలోపల చేయు పని యని వారి భావము. కట్టె యొక్కటియే యున్నచో కట్టెగానే పడియుండును, నిప్పు తగిలినప్పుడే వెలుగును. అట్లే కర్మకు మనస్సు తోడైనప్పుడే అది భారము లేనిదై అకర్మ యగును. తల్లి బిడ్డ వీపు నిమురుటను ఆయన ఉదాహరించిరి. చూచుటకు అది వీపుమీద చేయి కదలుట మాత్రమే. ఆ చేతిలో మనస్సున్నది గనుకనే బిడ్డకు హాయి.

పండితులు దీని నంగీకరింపనక్కర లేదు. గీతలోని ఆ శ్లోకమునకు ప్రాచీనార్థమే సహజమని చెప్పుటకు బలమైన కారణములు కలవు. కాని వినోబా చేసినది స్వార్థము కొఱకు అర్థము మార్చుట కాదు. మగ్గము ముందు, కొలిమి ముందు, ఇంజను ముందు దినమంతయు ఒకేపని చేయు మనుష్యునికి ఆ పనియే సాధనగా మారు ద్వార మెక్కడున్నదని ఆయన వెదకిరి. గీత చెప్పు నిష్కామకర్మకు విరుద్ధమైన దేదియు ఆ వెదకులాటలో తేలేదు. ప్రతిఫలము హెచ్చగునని ఆశ చూపలేదు. పాఠకుడు కోరునది గాక పాఠకునికి కావలసినది చెప్పిరి. ఈ భేద మొక్కటియే ఆ పుస్తకమును బజారు పుస్తకములనుండి వేరుచేయుచున్నది.

పరులకు చెప్పినదానిని తనపై ప్రయోగించుకొనని వారి మాటకు విలువలేదు. 1938 నాటికి వినోబా శరీరము కృశించి తూనికలో ఎనుబదియెనిమిది పౌనులకు దిగెను. గాంధీజీ వైద్యమునకు పొమ్మనిరి. కొలదికాలము గడువడిగి, జమ్నాలాల్ బజాజు వారి పౌనారు బంగళాకు బయలుదేరిరి. ధామనది వంతెన దాటునప్పుడు, సన్న్యాసము తీసికొనువారు పలుకు త్యాగవచనమును మనస్సులో మూడుమారులు పలికి, ఆశ్రమపు చింతలన్నిటి నచ్చటనే విడిచిరి. పౌనారులో కొంచెము త్రవ్వుట, మితాహారము, చింతలేని విశ్రాంతి: అంతే. పదినెలలలో సుమారు నలుబది పౌనుల బరువు హెచ్చిరి. దీనిని మంత్రశక్తియని గాని వైద్యమునకు బదులని గాని ఆయన ప్రచారము చేయలేదు. మాటతోపాటు నిజముగా విడిచిపెట్టుట జరిగినది గనుక ఆ మాట పనిచేసినది. ఎవరైనను చింతను బిగబట్టుకొని మాటను మాత్రము మూడువందలసారులు పలికినచో ఫలమేమి?

1940లో వ్యక్తి సత్యాగ్రహమునకు గాంధీజీ మొదటివానిగా ఎన్నుకొనినది వినోబానే. 1942 పిదప మూడేండ్లు వెల్లూరు, శివని జైళ్లలో గడచినవి. వెల్లూరులో ఆయన తెలుగు, తమిళము, కన్నడము, మలయాళములను ఒకేసారి నేర్వ మొదలిడిరి. అంతకుముందే ఖురానును మూలమున చదువవలెనని అరబ్బీ పట్టిరి. ఒక మతమువారి గ్రంథమును గూర్చి మాటాడువాడు వారి భాషలో, వారి ఉచ్చారణతో, వారి భక్తితో దానిని చదివియుండవలెనని ఆయన నియమము.

1951 ఏప్రిలులో హైదరాబాదు చెంత శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనమునకు పౌనారునుండి నడచివచ్చిన పిదప, రక్తపాతముతో తల్లడిల్లుచున్న తెలంగాణములో నడువ నిశ్చయించిరి. ఏప్రిలు 18వ తేదీన పోచంపల్లిలో హరిజనులు ఎనుబది యెకరముల భూమి కావలెనని యడిగిరి. ప్రభుత్వమునకు వ్రాయుట కంటె ముందుగా గ్రామస్థులనే వినోబా యడిగిరి. వెదిరె రామచంద్రారెడ్డి గారు నూరెకరము లిచ్చెదనని లేచిరి. భూదానము పుట్టిన కథ తెలుగువా రెఱుగనిది కాదు. ఏబదియొక్క దినములలో తెలంగాణమున 12,201 ఎకరములు లభించినవి. ఆ నడక పదమూడేండ్లకు పైగా సాగెను. దేశమంతట నలుబది లక్షల ఎకరములకు మించి వాగ్దానములు వచ్చెను. పేదలకు నిజముగా పంచబడినది అందులో మూడవవంతు లోపే. రాళ్లు, అడవి, వ్యాజ్యములు గల భూము లెన్నో ఆ లెక్కలో చేరినవి. ఈ సంగతి దాచుట వినోబాకే అపచారము.

నడకలో దినదినమును ప్రార్థనాసభ, ప్రసంగము జరుగుచుండెను. గీతాప్రవచనములు కొనిన ప్రతివారికిని సంతకముచేసి యిచ్చుచుండిరి. పుస్తకము తెలుగుతో సహా దేశభాషలన్నిటిలోనికి వచ్చెను. భూమి యడుగు చేతితోనే పుస్తక మిచ్చుట కొందరికి వింతగా దోచినది. ఇచ్చిన భూమి వెనుకకు పోవచ్చును; ఇచ్చునట్టి మనస్సు కలిగినచో అది మిగులునని ఆయన తలంపు.

శాస్త్రము అందరిదని చెప్పుటకు ఆయన మూల్యము చెల్లింపవలసి వచ్చెను. 1953లో వైద్యనాథధామమున హరిజనులతో గుడిలోనికి పోగా పండాలు ఆయనను కొట్టిరి, చెవికి గాయమైనది. 1955వ సంవత్సరము జనవరి 1వ తేదీన బీహారునుండి బెంగాలులో నడుగిడి, ఇరువదియైదు దినములు బాంకురా, మిదనాపూరు జిల్లాలలో నడచిరి. విష్ణుపురమున శ్రీరామకృష్ణ పరమహంసకు సమాధి కలిగినదని చెప్పుకొను చెరువుగట్టున కూర్చుండి, ఒక్క మహాత్ముడు పొందిన ఆ స్థితి ఇక సమాజమంతటికి కావలెనని భావించిరి. సామూహిక సమాధి యను మాట అచ్చట ఆయన నోట వచ్చినది. తాత్త్వికులు దీనిపై తర్కింతురు. సమాధి ఒక్కొక్కనికే కలుగునది గదా. కాని తనకొక్కనికే ముక్తి వలదనువాని హృదయము ఆ మాటలో తెలియుచున్నది.

ఆయన నడచిన ఆ మిదనాపూరు జిల్లాలోనిదే ఖరగ్‌పూరు. అప్పటికి నాలుగేండ్ల క్రిందట, 1951 ఆగస్టులో, హిజ్లీ చెరసాల కట్టడముననే దేశపు తొలి ఐ.ఐ.టి.ని మౌలానా ఆజాదు ప్రారంభించి యుండెను. ఖురానుకు ఉర్దూలో వ్యాఖ్య వ్రాసిన మహాపండితుడు బందీల గదులను పాఠశాలగా చేసినాడు. ఒక ప్రక్క యంత్రవిద్య నేర్చు యువకులు, మరియొక ప్రక్క కార్ఖానా కార్మికులు, చుట్టును వరిపొలముల రైతులు. ఇట్టి జనమునకు గీత ఒక్కటియే చాలునని వినోబా తలపలేదు. వారివారి గ్రంథముల సారము వారికిని, పొరుగువారికిని అందవలెనను కోరిక ఈ నడకలో ఆయనయందు గట్టిపడుచుండెను.

జనవరి 26న ఒరిస్సా చేరిరి. పూరీలో జగన్నాథ దర్శనమునకు పోవగా, తమతోనున్న ఫ్రెంచి మహిళను లోనికి రానీయమనిరి. ఆమెను బయట నిలిపి తాను లోపలికి పోవుట కిష్టపడక గుడివాకిటనుండియే మరలిరి. ఆ యేటి అక్టోబరులో ఆంధ్రదేశమున అడుగిడిరి. మూడేండ్లకు, 1958లో, పండరిపురమున విఠోబా గుడివారు హిందువులు కాని ఆయన తోడివారితో సహా ఆయనకు వాకిలి తెరచిరి. మహారాష్ట్ర భక్తులు శతాబ్దములుగా పాడిన పాటలకు ఆ దినమున అర్థము వచ్చినట్లయ్యెను.

ఆయన సంకలనములలో మిక్కిలి పరీక్షకు గురియైనది ఖురాను సారము. ఏండ్ల తరబడి చదివి, వాక్యములను విషయక్రమమున కూర్చి 1962లో వెలువరించిరి. అచ్చుకాకమునుపే పాకిస్తాను పత్రికలు కొన్ని మండిపడినవి. ఇస్లామునకు చెందని యొకడు దైవవాక్యమును ఏరి కోసి కూర్చుట యెట్లు తగునని వారి ప్రశ్న. దీనిని మూర్ఖపు ప్రశ్నయని త్రోసివేయరాదు. తమ పవిత్రగ్రంథములో ఇది సారము, ఇది కాదని పరుడు నిర్ణయించినచో ఎవ్వరి మనస్సైనను నొచ్చును. వినోబా తన మాట ఒక్కటియు కలుపలేదు, వ్యాఖ్యానము వ్రాయలేదు. ఎన్నికమాత్రము చేసిరి. ఎన్నికయు ఒక వ్యాఖ్యానమేయని తెలిసినవారు గనుకనే అంతకాలము తీసికొనిరి. పుస్తకము వచ్చినపిదప చదివిన ముస్లిము పండితులలో దానిని మెచ్చినవారును ఉండిరి. ఆ సెప్టెంబరుననే ఆయన తూర్పు పాకిస్తానులో పదునారు దినములు నడచి, అచ్చటి ముస్లిము రైతులనుండియు భూదానము గ్రహించిరి.

ఇట్లే ధమ్మపదమును క్రొత్త వరుసలో కూర్చిరి. క్రైస్తవ ధర్మసారమును, మనుస్మృతినుండి ఏరిన మనుశాసనమును వెలువరించిరి. గురునానకుని జపజీపై ప్రసంగించిరి. మనుస్మృతి విషయమున నేటి పాఠకులకు ఆక్షేపణ యుండుట సహజము. ఏరుట యనగా విడుచుట గూడ. ఏమి విడిచిరో చూచినచో ఆయన పక్షమేదో తెలియును. జైనమతమున శ్వేతాంబర దిగంబరాది శాఖ లన్నియు అంగీకరించు ఒక్క గ్రంథము లేదు. వినోబా ప్రేరణచే జినేంద్ర వర్ణీ గారు సంకలనము చేయగా, 1974 నవంబరు 29, 30 తేదీలలో ఢిల్లీలో అన్ని శాఖల మునులును పండితులును కూర్చుండి సమణసుత్తము అను పేర 756 గాథల గ్రంథమును ఆమోదించిరి. మహావీరుని నిర్వాణమునకు ఇరువదియైదువందల యేండ్లు నిండిన సంవత్సరమది. తన కృషిలో దీనివలన కలిగినంత తృప్తి వేరొకదానివలన కలుగలేదన్నట్లు వినోబా చెప్పుచుండిరి. ఇందులో ఎన్నిక పరునిది గాక ఆ మతమువారిదే కావడము గమనింపదగినది.

శాస్త్రపు మాటను నలుగురిలో నుంచుటలోగల అపాయము ఆయనకు వృద్ధాప్యమున ఎదురయ్యెను. 1974 డిసెంబరు 25న ఒక సంవత్సరపు మౌనము పట్టిరి. నడుమ 1975 జూన్‌లో దేశమున అత్యవసర పరిస్థితి వచ్చెను. చూడవచ్చినవారికి ఆయన మహాభారతములోని అనుశాసనపర్వము పేరును చూపిరి. ప్రభుత్వము వెంటనే దానిని తన చర్యలకు ఋషి దీవెనగా గోడలమీద కెక్కించెను. వేలమంది జైళ్లలో నుండగా ఈ మాట వినినవారి హృదయములు మండెను. ఆయన శిష్యతుల్యులే పలువురు దూరమైరి. ప్రభుత్వపు సాధువని ఎగతాళి చేసినవారును గలరు. మౌనము ముగిసిన దినమున, అనుశాసనము ఆచార్యులదనియు, పాలకులది శాసనమే యనియు, రెంటికిని భేదమున్నదనియు ఆయన వివరించిరి. అప్పటికి ఆరునెలలు గడచినవి. వివరణము శాస్త్రసమ్మతమే. కాని ఒక్క పదము, దాని సందర్భమునుండి విడివడి, అధికారము చేతిలో బడినచో ఎంత పని చేయునో దేశము చూచినది. పదునెనిమిది ఆదివారములు తీరికగా వివరించి చెప్పిన మనుష్యుడు ఒక్క మాటతో ఊరకుండినందులకు లభించిన ఫలమది.

ధామనది యొడ్డున పౌనారులో 1959లో ఆయన స్త్రీల కొఱకు బ్రహ్మవిద్యామందిరమును స్థాపించిరి. కడపటి సంవత్సరములు అచ్చటనే గడచినవి. 1982 నవంబరు మొదటివారమున జబ్బుపడిరి. కొలది దినములకే ఆహారమును, నీటిని, మందును మానివేసిరి. వైద్యులును నాయకులును వేడికొనినను వినలేదు. తేజోహీనమైన దేహమును విడుచు జైనమునుల మార్గమును ఆయన బహుకాలమునుండి మన్నించుచుండిరి. నవంబరు 15వ తేదీన, దీపావళినాడు, ఆయన దేహము చాలించిరి. భారతరత్న బిరుదము మరుసటి యేడు వచ్చెను.

వార్ధాలో గీతాయి మందిరమున్నది. దానికి కప్పు లేదు, విగ్రహము లేదు. పదునెనిమిది అధ్యాయముల మరాఠీ పద్యములును నిలువు రాళ్లపై చెక్కబడి వరుసగా నిలిచియున్నవి. అక్షరము వచ్చిన యెవ్వరైనను నడచుచు చదువుకొనవచ్చును.